రెండు వందల పదిహేడో నంబరు కోటు

ఆ సోమవారం పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి మొగుడు ఇస్త్రీ బట్టలు సైకిలు మీద పెట్టుకుని ఇళ్ళకు చేరవేయడానికి వెళ్తాడు. ఎనిమిదింటికి అత్తగారు కాఫీ ముగించి కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న గంటలో ఓ పది నిమిషాలు చాలు. కొట్టు వెనక గదిలో వేలాడుతున్న ఇటుకరంగు పొడుగు కోటు తొడుక్కోవాలి, ఇస్త్రీ బల్ల మీద ఫోన్ నిలబెట్టి ఫోటో తీసుకోవాలి, కోటును మళ్ళీ ఎక్కడిదక్కడ తగిలించాలి. పదకొండు నెలలుగా చేస్తున్న పనే కాబట్టి గుండె కూడా మామూలుగానే కొట్టుకుంటోంది.

ఇబ్బందల్లా ఆ కోటు ఆవిడది కాకపోవడమే.

ఆవిడ లాండ్రీ కొట్టు ఇల్లాలు. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. కొట్టు నుదుట మామగారి తండ్రి రాయించిన బోర్డు ఇప్పటికీ ఉంది: 'మీ బట్టల్ని మా బట్టల్లా చూసుకుంటాం.' మూడు తరాల్లో ఆ మాటను తూచా తప్పకుండా పాటించింది ఈ కోడలొక్కతే.

మొదట్లో దురుద్దేశమేమీ లేదు. ఎవరిదో బూడిదరంగు పొట్టికోటుకు ఊడిన గుండీ కుట్టి, సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని తొడుక్కుంది. అద్దంలో చూసుకుంది. గుండీ సంగతి మరిచిపోయింది. చేతులు రెండు మడతలు పైకి మడిచి, నడుముకు ఓ స్కార్ఫు చుట్టి, మొహం పడకుండా మెడ కిందనుంచి ఫోటో తీసి, ఓ బ్లాగు తెరిచి అందులో పెట్టింది. దాని పేరు 'నా బీరువాలోంచి'. పేరు కింద ఓ నీతివాక్యం కూడా రాసింది: 'కొత్తవి కొనకండి. ఉన్నవాటినే అందంగా వేసుకోండి.'

నిజానికి ఆవిడ బీరువాలో ఉన్నవి ఎనిమిది డ్రెస్సులు. అందులో మూడింటికి జిప్పులు పనిచెయ్యవు. మిగతా చోటంతా అత్తగారి దుప్పట్లూ, మొగుడు మడతపెట్టి దాచిన పాత పేపర్లూ. అయినా తొమ్మిది వేల మంది ఆ బ్లాగు చదివి, తమ బీరువాల ముందు నిలబడి నిట్టూర్చేవారు. ఆవిణ్ణి ముద్దుగా 'బీరువాగారు' అనేవారు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆవిడకు ఆ విద్య నిజంగానే వచ్చు. ఏ చొక్కా మీద ఏది వేస్తే మనిషి నిటారుగా నిలబడుతుందో ఆవిడ చేతులకు తెలుసు. రోజంతా ఎవరి బట్టలో మడతపెట్టే మనిషికి, పొద్దున్నే పది నిమిషాల పాటు ఎవరో 'ఎంత బాగున్నారండీ' అంటుంటే ప్రాణం లేచొచ్చేది.

ఇక మొగుడు. వీధిలో అందరూ ఆయన్ని మడతయ్య అంటారు. చొక్కాలే కాదు, బస్సు టికెట్టునూ చాక్లెట్ కాగితాన్నీ కూడా అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టనిదే పారేయడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క బట్ట మారలేదు, ఒక్క గుండీ పోలేదు. "మన కొట్లో ఇంతవరకు పిన్నీసు కూడా పోలేదు," అని ఆయన రోజుకు ఒక్కసారైనా అనేవాడు. అది విన్నప్పుడల్లా ఆవిడ కౌంటరు మీద లేని దుమ్ము తుడిచేది. ఖాతాదారుల బట్టలు ఇంటావిడ తొడుక్కుంటోందని తెలిస్తే ఆ పేరు ఒక్క పూటలో మంటగలుస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి ముఖం ఎలా చూడాలో ఆవిడకు తెలియదు.

ఆ ఇటుకరంగు కోటు పళ్ళ డాక్టరమ్మది. వీధి మొత్తానికి ఆవిడంటే హడలు. కానీ మడతయ్యకు మాత్రం మహా గౌరవం. "ఆవిడ బట్టలు ఉతకడమంటే కడిగిన ముత్యాన్ని మళ్ళీ కడగడమే," అనేవాడు. "వీసమెత్తు మరక ఉండదు. శుభ్రమంటే అదీ!"

ఇక్కడ చీటీల సంగతి చెప్పాలి. కొట్టుకొచ్చిన ప్రతి బట్టకూ కాలరు దగ్గరో నడుం పట్టీ దగ్గరో ఓ పసుపు గుడ్డ చీటీని పిన్నీసుతో గుచ్చుతారు. దాని మీద అత్తగారు చెరగని సిరాతో నంబరు వేస్తుంది. బట్ట ఇచ్చేటప్పుడు చీటీ తీసి మళ్ళీ బిస్కెట్ డబ్బాలో వేస్తుంది. ఒకటి నుంచి మూడు వందల దాకా చీటీలు, నలభై ఏళ్ళుగా అదే పద్ధతి. ఫోటో తీసుకునే ముందు ఆ చీటీని కాలరు లోపలికి తోసెయ్యడం బీరువాగారి పద్ధతి.

ఆ రోజు వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టి (అదీ ఎవరిదో), కోటు తొడుక్కుని, ఒక్క ఫోటో తీసుకుందో లేదో, బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. టైరు పంక్చరై మడతయ్య తిరిగొచ్చేశాడు. ఆవిడ కోటు విప్పి తగిలించి, దుప్పటి లాగేసి, మేడ మీదికి ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలియదు. తొమ్మిదింటికి ఓ చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో ఆ ఫోటో బ్లాగులో పెట్టేసింది. సరిగ్గా చూడలేదు.

పదింటికి చూస్తే మూడు వందల కామెంట్లు.

'మెడ దగ్గర ఆ పసుపు చీటీ అదిరిందండీ!'

'మనుషులందరం అంకెలైపోయామని ఎంత సున్నితంగా చెప్పారు!'

'రెండు వందల పదిహేడు... మీ జీవితంలో ఆ అంకెకు ఏదో కథ ఉంది. నాకు ఏడుపొచ్చింది.'

ఆవిడకు చెమటలు పట్టాయి. ఫోటో తీసేస్తే సరిపోయేది. కానీ అప్పటికే ఎవరో 'ఇది లాండ్రీ చీటీలా ఉందే?' అని అడిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ గబగబా జవాబు రాసేసింది: 'కాదు, ఇది నా కొత్త ఆలోచన. మనం వేసుకునే ప్రతి బట్టకూ ఒక నంబరు. అది ఆ బట్టకు మనమిచ్చే గౌరవం.' అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ గట్టిగా అతికింది, మళ్ళీ ఊడి రాలేదు.

ఆ సాయంత్రమే లైబ్రరీలో పనిచేసే అమ్మాయి కొట్టుకొచ్చింది. ఉతికిన గౌను చేతికివ్వబోతూ అత్తగారు చీటీ విప్పుతుంటే ఆ అమ్మాయి గాభరా పడిపోయింది.

"అయ్యో, తియ్యకండి మామ్మగారూ! దాన్నలాగే ఉంచండి."

"చీటీయా? చీటీ నీకెందుకే పిల్లా?"

"ఇప్పుడిదే ఫ్యాషన్. ఎంత బాగా రాశారండీ అంకెలు! ఆ నాలుగు చూడండి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డట్టుంది."

నలభై ఏళ్ళుగా అత్తగారు ఆ అంకెలు రాస్తోంది. వాటిని పొగిడిన మొదటి మనిషి ఈ పిల్ల. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, చీటీ తీయకపోగా మరో రెండు చీటీలు రాసి చేతిలో పెట్టింది.

మంగళవారం పాతికమంది వచ్చారు. బుధవారానికి కొట్టు ముందు వరస కట్టారు. కొందరు ఉతికిన బట్టలే మళ్ళీ ఉతకమని తెచ్చారు. ఒకాయన వచ్చి, హోటల్లో గది అడిగినట్టు, "రెండు వందల పదిహేడు ఖాళీగా ఉందాండీ?" అని అడిగాడు. అత్తగారు కొత్త కలం కొనిపించుకుంది. అడిగినవాళ్ళకు అడిగినట్టు తొమ్మిదికి తోక, ఆరుకు మెలిక పెట్టి ఇచ్చింది. బిస్కెట్ డబ్బా ఖాళీ అయిపోయింది. పసుపు గుడ్డ కొత్తగా చింపి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది, అవీ అయిపోతే ఇంకోసారి ఒకటి నుంచి. పాత చీటీలతో తిరిగొచ్చిన బట్టలకు అవి తీయకుండా పక్కనే కొత్తవి గుచ్చింది, తన దస్తూరీ తీసి పారేయడానికి మనసొప్పక.

"అత్తయ్యా, చీటీలు ఇవ్వకండి, గొడవైపోతుంది," అని కోడలు బతిమాలింది.

"నీకేం తెలుసే అమ్మాయ్? ఎవరో బీరువాగారట, మహానుభావురాలు. నా విలువ ఆవిడ కనిపెట్టింది. ఇంట్లోవాళ్ళు కనిపెట్టారా?"

మహానుభావురాలు నోరు మూసుకుని మేడెక్కింది. తేలు కుట్టిన దొంగ పరిస్థితి అంతకన్నా నయం.

గురువారం పొద్దున ఆ కొట్లో నలభై నాలుగో నంబరు బట్టలు మూడున్నాయి. మడతయ్య ఎప్పటిలాగే నంబరు చూసి మడతపెట్టి, నంబరు చూసి ఇచ్చేశాడు. డ్రాయింగు మాస్టారి పంట్లాం లైబ్రరీ అమ్మాయికి వెళ్ళింది. లైబ్రరీ అమ్మాయి పూల గౌను పోస్టుమాన్ ఇంటికి వెళ్ళి, వాళ్ళావిడ చేత ఓ గంట ప్రశ్నలు అడిగించింది. పోస్టుమాన్ ఖాకీ చొక్కా డ్రాయింగు మాస్టారికి వచ్చింది. ఆయన అదే తొడుక్కుని బడికి బయలుదేరితే, దారిలో ముగ్గురు ఆపి తమ ఉత్తరాలేవని నిలదీశారు.

మధ్యాహ్నానికి పదకొండు ఫిర్యాదులు. ఇరవై రెండేళ్ళలో మొదటివి. మడతయ్య స్టూలు మీద కూర్చుని ఒకే తువ్వాలును మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. అన్నం తినలేదు.

"తాతయ్య కట్టిన పేరే," అన్నాడు చివరికి, తువ్వాలుతో చెప్పుకుంటున్నట్టు. "నా చేతుల్లో పోయింది."

ఆవిడ ఇక దాచకూడదనుకుంది. "ఏవండీ, మీకొక మాట చెప్పాలి," అని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే లైబ్రరీ అమ్మాయి పంట్లాం తిరిగివ్వడానికి వచ్చింది.

"మీ తప్పేం లేదు బాబాయ్. అంతా ఇదిగో, ఈ బీరువాగారు పెట్టిన చిచ్చు," అంటూ ఫోన్ ఆయన ముక్కు ముందు పెట్టింది.

మడతయ్య ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఆవిడ గోడకు ఆనుకుంది. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఈ భుజం చూడమ్మాయ్. ఆవిరి పట్టి, కుట్టు వెనక్కి లాగి, తడి ఆరకముందే ఇస్త్రీ చేస్తే గాని ఇలా పడదు. ఇది నా పని! ఇది మన డాక్టరమ్మ కోటు!" స్టూలు మీంచి లేచాడు. "అంటే... బీరువాగారంటే డాక్టరమ్మన్నమాట!"

"ఏవండీ, ఆగండి..."

"ఇంకేం ఆగాలే! ఇప్పుడే వెళ్ళి చేతులు జోడించి అడుగుతాను," అని డాక్టరమ్మకు ఇవ్వాల్సిన తెల్లకోట్ల కట్ట చంకలో పెట్టుకుని బయలుదేరాడు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే పరిగెత్తింది.

డాక్టరమ్మ క్లినిక్‌లో గుమ్మం దాటి మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదు. మడతయ్య నేరుగా లోపలికే వెళ్ళిపోయాడు. కుర్చీలో వెనక్కి వాలి, నోటినిండా దూదితో, ఖాకీ చొక్కాలో ఉన్న మనిషి డ్రాయింగు మాస్టారు. డాక్టరమ్మ చేతిలో ఏదో గుయ్యిమంటూ తిరుగుతోంది.

"డాక్టర్ గారూ, క్షమించాలి. తమరు ఆ బ్లాగు ఆపకపోతే నేను కొట్టు మూసుకోవాలి."

గుయ్యిమనే చప్పుడు ఆగింది. "ఏ బ్లాగు?"

"అదేనండీ, 'నా బీరువాలోంచి'. బీరువాగారంటే మీరేగా? కోటు నేను గుర్తుపట్టాను. చీటీ మా అమ్మది. పోయినసారి పొరపాటున తియ్యకుండా ఇచ్చుంటుంది. దాంతో మీరు సరదాగా ఫోటో దిగారు. ఇక్కడ నా ప్రాణం మీదికొచ్చింది."

డాక్టరమ్మ ఆయన భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. అక్కడ లాండ్రీ ఇల్లాలు రొప్పుతూ, వట్టి కాళ్ళతో, మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉంది. డాక్టరమ్మ చేతి తొడుగులు నెమ్మదిగా విప్పింది.

"అవునయ్యా. ఆ కోటు నాదే. ఆ బీరువా కూడా నాదే అనుకో. నీకు ఇబ్బంది కలిగితే ఆ తప్పు నామీదే వేసుకుంటాను."

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. పదకొండు నెలల రహస్యం డాక్టరమ్మ పేరు మీద భద్రంగా ఉండిపోయేది. కానీ ఇంకొకరి కోటు వేసుకోవడం వేరు, తన తప్పు ఇంకొకరికి తొడగడం వేరు. అది ఆవిడ చేత కాలేదు.

"కాదండీ," అంది. "అది నేనే."

"నువ్వేంటి?" అన్నాడు మడతయ్య.

"ఆ కోట్లో ఉన్నది నేనే. అదొక్కటే కాదు. పదకొండు నెలలుగా మీరు ఇస్త్రీ చేసిన బట్టలు, నేను తొడుక్కుని, ఫోటో తీసుకుని, మళ్ళీ తగిలించాను."

మడతయ్య ఫోన్ చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు. చంకలో కట్ట జారి కింద పడింది. తీయడానికి కూడా వంగలేదు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి తల వంచుకున్నాడు.

"అమ్మా, మీరేం శిక్ష వేసినా సరే. మీ బట్టలు..."

"నాకు ఏడు నెలలుగా తెలుసు," అంది డాక్టరమ్మ.

డ్రాయింగు మాస్టారు దూది వెనకనుంచి "ఊఁ?" అన్నాడు.

"ఆ బూడిదరంగు పొట్టికోటు నాది. బ్లాగులో పాత ఫోటోలు తిరగేస్తుంటే కనబడి ఒళ్ళు మండిపోయింది. నిన్ను నిలదీద్దామని బయలుదేరాను కూడా. ఇంతలో కింద కామెంట్లు చదివాను. రెండు వందల మంది బాగుందన్నారు. ఆరేళ్ళు నేను వేసుకుని తిరిగితే ఒక్కళ్ళూ అనలేదు." డాక్టరమ్మ గొంతులో కోపం లేదు, కొంచెం సిగ్గు ఉంది. "మర్నాడు నువ్వు మడిచినట్టే చేతులు రెండు మడతలు మడిచి వేసుకొచ్చాను. ఓ పేషెంటు నోరు తెరిచి ఉండి కూడా బాగుందన్నాడు. ఇరవై ఏళ్ళుగా తెల్లకోటు తప్ప ఏదీ వేసుకోవడం రాదమ్మా నాకు. ఎవరినడగను? అందుకే ఏది కొన్నా ముందు మీ కొట్టుకే పంపేదాన్ని, నువ్వు వేసుకుని చూపిస్తావని."

మడతయ్య నోరు నెమ్మదిగా తెరుచుకుంది. "అంటే... అవి మాసిన బట్టలు కావా?"

"మాయడానికి నేనెప్పుడైనా వేసుకుంటేగా!"

"కడిగిన ముత్యాలన్నాను," అన్నాడాయన నీరసంగా.

ఇంతలో డ్రాయింగు మాస్టారు ఇక తట్టుకోలేక నోట్లోని దూది తానే లాగి పారేసి లేచి కూర్చున్నాడు. వాచిన బుగ్గతో, ఖాకీ చొక్కాతో, వేలు చూపిస్తూ ఆవిడ మీదికొచ్చాడు. ఆవిడ తిట్లకు సిద్ధపడి కళ్ళు మూసుకుంది.

"ఏమ్మా! పదకొండు నెలలుగా నా చిలకాకుపచ్చ చొక్కా వారం వారం మీ కొట్టుకొస్తోంది. ఒక్కసారి వేసుకోవాలనిపించలేదా? నా చొక్కాకేం తక్కువ?"

ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు మడతయ్య నాలుగడుగులు ముందు నడిచాడు. వీధి మలుపు దగ్గర ఆగాడు.

"ఒక్క మాట నాతో చెబితే ఏమయ్యేదే?"

"మీరు తలెత్తుకుని తిరిగేది ఆ పేరు వల్లేనని తెలుసు. అందుకే భయపడ్డాను. తప్పు నాదే." ఆవిడకు కళ్ళనీళ్ళొచ్చాయి. కానీ మనసులో గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది, అదీ అనేసింది. "అయినా ఆ ఫోటోలో భుజం కుట్టు గుర్తుపట్టారు. ఇస్త్రీ గుర్తుపట్టారు. చీటీ మీద మీ అమ్మ అంకె గుర్తుపట్టారు. ఇరవై రెండేళ్ళుగా మీకు అన్నం వడ్డిస్తున్న చేతులు మాత్రం గుర్తుపట్టలేదు."

"చేతులు కోటు లోపల ఉన్నాయి కదే," అన్నాడు మడతయ్య. తనకే అది చాలదనిపించినట్టుంది. వెనక్కొచ్చి ఆవిడ పక్కన నడిచాడు.

ఇంట్లో కథంతా విని అత్తగారు కలం మూత పెట్టింది. "సొమ్మొకడిది, సోకొకడిది! బాగానే ఉంది వరస. బీరువాగారని దణ్ణం పెట్టుకుంది నా కోడలికా?" అని కాసేపు రుసరుసలాడి, "నా అంకెలు నిజంగా బాగున్నాయన్నారా, లేక నువ్వే రాసుకున్నావా?" అని అడిగింది.

ఎవరెవరి బట్టలు వేసుకుందో ఆ రాత్రి కోడలు తయారుచేసిన జాబితా పట్టుకుని, మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. మారిన బట్టలు మార్చి ఇచ్చారు, వేసుకున్న బట్టలకు క్షమాపణ చెప్పారు. ముగ్గురు మొహం చిట్లించారు, ఒకరు తలుపేసుకున్నారు. మిగతావాళ్ళు తమ బట్టలు బ్లాగులో ఏ తేదీన వచ్చాయో అడిగి రాసుకున్నారు. లెక్కలో లేనివాళ్ళే ఎక్కువ నొచ్చుకున్నారు.

ఆదివారం మడతయ్య బీరువా తెరిచి, దుప్పట్లు పక్కకు తోసి, ఆవిడ పాత ఆకుపచ్చ డ్రెస్సు ఒకటి బయటికి తీశాడు. లాండ్రీవాడి ఇంట్లో పెళ్ళాం బట్టలు ఏనాడూ ఇస్త్రీ ఎరగవు. ఆయన దానికి జిప్పు వేయించాడు, ఆవిరి పట్టాడు, భుజం కుట్టు వెనక్కి లాగాడు, తడి ఆరకముందే ఇస్త్రీ చేశాడు. అత్తగారు కొత్త పసుపు గుడ్డ మీద తీరిగ్గా, తోకతో సహా, ఒకటో నంబరు వేసి కాలరుకు గుచ్చింది. ఈసారి ఫోటో మడతయ్యే తీశాడు, మొహం కూడా కనిపించేలా.

ఆవిడ దాన్ని బ్లాగులో పెట్టి, కింద దాపరికం లేకుండా రాసింది: 'ఇన్నాళ్ళూ మీకు చూపించినవేవీ నావి కావు. మా కొట్టుకు ఉతకడానికొచ్చినవి. అబద్ధం చెప్పినందుకు క్షమించండి. ఇదొక్కటే నాది.'

నిమిషం తిరక్కుండా మొదటి కామెంటు వచ్చింది: 'ఏమోనండీ, మిగతావన్నీ మీకోసమే కుట్టినట్టున్నాయి, ఇదొక్కటే ఎవరిదో తెచ్చి వేసుకున్నట్టుంది.'